ఆఫర్ బోర్డు కట్టే ముందు ఆగండి

దసరా నుంచి సంక్రాంతి దాకా నడిచే గిరాకీ మీదే చిన్న షాపుల బతుకు ఆధారపడి ఉంటుంది. వీధి చివర సెలూన్, సందులో బ్యూటీ పార్లర్, బట్టల కొట్టు, ఫ్యాన్సీ షాపు... అద్దె బకాయి తీరాలన్నా, పిల్లల ఫీజు కట్టాలన్నా ఈ నాలుగు నెలల్లోనే. అందుకే ఇప్పుడు ప్రతి ఓనరూ తొందరలో ఉంటారు. ఆ తొందర కోసమే కాచుకుని కూర్చున్నవాళ్లున్నారు. పెద్ద షోరూంలో లెక్కలు చూసే మనిషి వేరు, ప్రకటనలు చూసే మనిషి వేరు. చిన్న షాపులో కత్తెర పట్టేదీ, ఫోన్ ఎత్తేదీ, డబ్బు తీసుకునేదీ ఒక్కరే. వాళ్లకే ఈ హెచ్చరిక.

మొదటి ప్రమాదం ఫోన్‌లో ఉంది. పార్లర్‌లో ఒకామెకు ఫేషియల్ నడుస్తోంది, ఇంకో ఇద్దరు కూర్చుని టైం చూసుకుంటున్నారు. ఫోన్ మోగుతుంది. "మేడం, మా ఇంట్లో పెళ్లి. పదిమందికి మేకప్ కావాలి. అడ్వాన్స్ ఇప్పుడే వేస్తాను." వెంటనే వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడిపోతుంది." క్రీము అంటిన చేత్తోనే ఆమె పిన్ కొడుతుంది. డబ్బు రాదు, ఉన్నది పోతుంది. మిలిటరీ ఆఫీసర్నని నమ్మించి, ఐడీ కార్డు ఫొటో కూడా పంపి ఇదే మోసం చేసేవాళ్లున్నారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ అడిగారంటే మీ ఖాతాలోంచి డబ్బు తీస్తున్నారనే అర్థం. ఈ మాట కౌంటర్ దగ్గర కాగితం మీద రాసి అంటించండి. పనికి కుదిరిన కుర్రాళ్లకూ చెప్పండి.

రద్దీలో ఇంకో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. "పంపించానన్నా" అంటూ చూపించే స్క్రీన్ దొంగ యాప్‌లో తయారైంది కావచ్చు. సౌండ్ బాక్స్ పలికాకో, మీ ఖాతాలో జమ చూసుకున్నాకో సరుకు చేతికివ్వండి. గోడ మీది మీ క్యూఆర్ స్టిక్కర్ పైన రాత్రికి రాత్రి వేరే స్టిక్కర్ అంటించిపోయేవాళ్లూ ఉన్నారు. పొద్దున షట్టర్ ఎత్తగానే ఒకసారి స్కాన్ చేసి, మీ పేరే వస్తోందో లేదో చూసుకోండి.

ప్రచారం చేసిపెడతామనే ఫోన్లూ ఈ రోజుల్లోనే ఎక్కువ. గూగుల్ మ్యాప్‌లో షాపు వివరాలు పెట్టుకోవడం పూర్తిగా ఉచితం. దానికి ఫీజు కట్టమన్నవాడిని నమ్మొద్దు. మీ పేజీ ఆగిపోతుందని బెదిరిస్తూ వచ్చే లింకులు నొక్కొద్దు, ఓటీపీ చెప్పొద్దు. శుభలేఖ అనో, పండుగ శుభాకాంక్షలనో వచ్చే ఏపీకే ఫైలు తెరవొద్దు.

రెండో ప్రమాదం మనం కట్టే బోర్డులోనే ఉంది. ధర పెంచి రాసి, దాని మీద సగం తగ్గించామనడం మోసమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. బహుమతి ఆశ చూపి ఇవ్వకపోవడం, బిల్లులోనే ధర కలిపి "ఉచితం" అనడం, బహుమతి పథకం తుది ఫలితం దాచడం కూడా అదే కోవలోకి వస్తాయి. సరుకు అమ్మకం కోసం లక్కీ డ్రా పెట్టడాన్నీ ఆ చట్టం ఇందులోనే చేర్చింది. పక్క షాపువాడు పెట్టాడని కూపన్లు అచ్చు వేయించకండి. చవక ధర చూపి రప్పించి, సరుకు అయిపోయిందనే ఎర ప్రకటనలను కట్టడి చేస్తూ 2022లో మార్గదర్శకాలు వచ్చాయి. స్టాకు కొంతే ఉంటే ఆ మాట బోర్డు మీదే రాయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చని ఇప్పుడు కస్టమర్లకు తెలుసు.

మూడోది లెక్క. 700కు తెచ్చిన చీర 1000కి అమ్మితే 300 మిగులుతుంది. 20 శాతం తగ్గిస్తే మిగిలేది 100. అంతకు ముందున్న లాభమే రావాలంటే మూడు రెట్లు అమ్మాలి. కరెంటు బిల్లూ, జీతాలూ అదనం. సెలూన్‌కైతే ఇంకా కష్టం, కుర్చీలు పెరగవు కదా. పండుగ ముందు రెండు రోజులూ ఎలాగూ జనం బారులు తీరతారు. ఆ రోజుల్లో రేటు తగ్గించడమంటే చేతికొచ్చిన డబ్బు వదులుకోవడమే. ఆఫర్ పెట్టాల్సింది ఖాళీ రోజుల్లో. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు కటింగుకూ గడ్డానికీ రాని వారాలు మగవాళ్ల సెలూన్లకు ఏటా తెలిసినవే. వాళ్ల ఇళ్లలో పిల్లలకో, దీక్ష విరమించాక వచ్చేవాళ్లకో తగ్గింపు ఇస్తే కుర్చీ ఖాళీగా ఉండదు.

కస్టమర్ల నంబర్ల సంగతీ ఆలోచించండి. ఆడవాళ్ల ఫోన్ నంబర్లన్నీ కలిపి ఒకే వాట్సాప్ గ్రూపులో పడేస్తే, ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి వాటిని అందించినట్టే. అడిగి, ఒప్పుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ద్వారా పంపండి. అందులో ఒకరి నంబరు ఒకరికి కనబడదు. ముందు, తర్వాత అంటూ పెట్టే ఫొటోలకూ వాళ్ల అనుమతి ఉండాల్సిందే.

ఇంత జాగ్రత్తపడ్డా మోసపోతే పరువు పోతుందని దాచొద్దు. ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి, సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు చేతులు మారేలోపు చెబితేనే ఆపే వీలుంటుంది. వ్యాపార సంఘాలు ఈ వారమే తమ బజారులో అందరినీ కూర్చోబెట్టి ఈ విషయాలు చెప్పాలి. ఒక షాపుకు వచ్చిన దొంగ ఫోన్ సంగతి పక్క షాపుకు అదే పూట తెలిస్తే రెండో షాపు బతుకుతుంది.