ఖాళీ గదుల కట్టడం

రెండు మూడు గ్రాముల పొడిలో ఫుట్‌బాల్ మైదానమంత వైశాల్యం ఇమిడి ఉన్నదంటే అతిశయోక్తిగా తోస్తుంది. అయినా 1999లో వెలువడిన ‘మోఫ్-5’ అనే పదార్థం విషయంలో ఇది కొలిచి తేల్చిన సత్యం. ఆ స్ఫటికాల లోపలి సూక్ష్మమైన గదుల గోడలన్నిటినీ విప్పి పరిస్తే అంత విస్తీర్ణమవుతుంది. ఇటువంటి పదార్థాలను లోహ-కర్బన చట్రాలంటారు. వీటిని రూపొందించినందుకే 2025లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీ అనే ముగ్గురికి లభించింది.

పందిరిని తలచుకుంటే ఈ నిర్మాణం సులభంగా బోధపడుతుంది. పందిరికి వాసాలు కావాలి, వాటిని కలిపే ముడులు కావాలి. ఇక్కడ ముడులు లోహ అయాన్లు. వాసాలు కర్బన అణువులు. లోహ అయాను తన చుట్టూ నిర్ణీతమైన దిశలలోనే ఇతర అణువులను పట్టి ఉంచుతుంది. ఈ పట్టునే సమన్వయ బంధమంటారు. ఈ బంధాలతో ఎడతెగక సాగిన గొలుసులు, వలలు సమన్వయ పాలిమర్లు. ఆ అల్లిక నడుమ ఖాళీ గదులు ఏర్పడితే అది చట్రం.

తయారీలో ఆర్భాటమేమీ లేదు. జింక్ లవణాన్ని, టెరిఫ్తాలిక్ ఆమ్లాన్ని తగిన ద్రావణిలో కరిగించి, మూత బిగించిన పాత్రలో వేడిచేస్తే మోఫ్-5 స్ఫటికాలు వాటంతటవే రూపుదిద్దుకుంటాయి. ఆ ఆమ్లం మన ఇళ్లకు పరాయిది కాదు. పాలియెస్టర్ వస్త్రాలకు, నీళ్ల సీసాల ప్లాస్టిక్‌కు అదే ముడిసరుకు.

కష్టమంతా ఖాళీని నిలబెట్టడంలో ఉంది. స్ఫటికం ఏర్పడేటప్పుడు ఆ గదులలో ద్రావణి నిండి ఉంటుంది. దానిని తొలగిస్తే కట్టడం కుప్పకూలేది. రాగి అయాన్లతో విశాలమైన ఖాళీలున్న స్ఫటికాన్ని 1989లో ఆస్ట్రేలియాలో రాబ్సన్ వివరించారు గాని, అది దృఢంగా నిలవలేదు. 1997లో జపానులో కితగావా బృందం రూపొందించిన చట్రం నీరు తొలగించినా కూలలేదు. మీథేన్, నైట్రోజన్, ఆక్సిజన్ వాయువులను లోనికి తీసుకొని తిరిగి విడిచిపెట్టింది. యాగీ నిర్మించిన మోఫ్-5 ఖాళీగా ఉన్నప్పుడు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి కూడా చెక్కుచెదరలేదు. అయితే గాలిలోని తేమకు అది క్రమంగా చెడిపోతుంది. అందువల్ల నీటితో పని ఉన్నచోట జిర్కోనియం, అల్యూమినియం వంటి లోహాలతో వేరే చట్రాలను నిర్మించవలసి వచ్చింది.

ఆ నీటి పనే సామాన్యునికి అత్యంత సన్నిహితమైనది. ఎడారి గాలిలో కూడా కొంత తేమ ఉంటుంది. రాత్రివేళ చట్రంలోని గదులు ఆ తేమను పట్టుకుంటాయి. పగటి వేడికి దానిని విడిచిపెడతాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీరవుతుంది. అల్యూమినియంతో చేసిన ‘మోఫ్-303’ను అమెరికాలోని మొహావీ ఎడారిలో పరీక్షించగా, కిలో పదార్థానికి రోజుకు 0.7 లీటరు నీరు లభించింది. ఒక మనిషి దాహానికైనా అది చాలదు. కాని నదీ బావీ లేనిచోట, కేవలం గాలి నుండి ఆ నీరు వచ్చిందన్నది గమనించదగిన విషయం.

నీటి కొరత యాగీకి పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. ఆయనది ఫలస్తీన్ నుండి శరణార్థులుగా జోర్డాన్ చేరిన కుటుంబం. అమ్మాన్ నగరంలో ఎందరో తోబుట్టువులతో కలసి ఒకే గదిలో పెరిగారు. ఆ ఇంటికి విద్యుత్తు లేదు, కుళాయి నీరు లేదు. పదేళ్ల వయస్సులో, సాధారణంగా తాళం వేసి ఉండే పాఠశాల గ్రంథాలయంలోకి ఆ బాలుడు చడీచప్పుడు లేకుండా ప్రవేశించి, చేతికందిన పుస్తకం తెరిచాడు. అందులోని అణువుల బొమ్మలు అర్థం కాకపోయినా అతని మనస్సును కట్టిపడేశాయి. పదిహేనేళ్లకు తండ్రి ఖండితమైన ఆదేశం మీద చదువు కోసం అమెరికా వెళ్లాడు.

ఈ వృత్తాంతంలో తల్లిదండ్రులకూ, మావంటి ఉపాధ్యాయులకూ ఒక పని ఉంది. పుస్తకాలు చిరిగిపోతాయన్న భయంతో మన పాఠశాలలలో, మదరసాలలో బీరువాలకు తాళం వేసి ఉంచడం అలవాటైపోయింది. ఈ నెలలో ఒక్కసారి వెళ్లి ఆ తాళం చెవి ఎవరి వద్ద ఉన్నదో, పిల్లలకు అది వారానికి ఎన్ని గంటలు అందుబాటులో ఉంటున్నదో విచారించండి. చిరిగిన పుటను అతికించుకోవచ్చు. ఎవరూ తెరవని పుస్తకం మాత్రం ఎవరికీ ఉపకరించదు.