రీటా జవాబు

పెద్ద ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాసిన విద్యార్థిని చూస్తే తోటివారికి నవ్వు వస్తుంది. 1983లో విడుదలైన 'ఎడ్యుకేటింగ్ రీటా' అనే బ్రిటిష్ హాస్యచిత్రంలో అటువంటి జవాబు ఒకటి ఉంది. దానికి నవ్వని ప్రేక్షకులు తక్కువ. అయితే ఆ నవ్వు ఎవరి మీద అన్నది కొంచెం ఆలోచించవలసిన విషయం.

రీటా ఉత్తర ఇంగ్లండులో ఆడవారికి జుట్టు కత్తిరించి, సింగారించే పని చేసుకొనే ఇరవయ్యారేళ్ల యువతి. చిన్ననాడు బడిలో చదువు సాగలేదు. ఇప్పుడు సాహిత్యం చదవాలని సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరుతుంది. ఆమెకు పాఠం చెప్పవలసిన ఆచార్యుడు ఫ్రాంక్. ఒకప్పుడు కవిత్వం రాసి మానుకొన్నవాడు. అల్మరాలో పుస్తకాల వెనుక మద్యం సీసాలు దాచుకొనేవాడు. ఆమెకు చదువంటే ఆకలి, అతనికి చదువంటే విసుగు. ఈ ఇద్దరికీ జత కుదరడమే కథ.

ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు. రచయిత విల్లీ రస్సెల్ పదిహేనేళ్లకే బడి మాని, అదే జుట్టు కత్తిరించే పని చేసి, తరువాత మళ్లీ చదువుకొన్నవాడు. 1980లో ఆయన దీన్ని మొదట నాటకంగా రాశాడు. అందులో పాత్రలు రెండే, రంగస్థలం ఒకే గది. లూయిస్ గిల్బర్ట్ దర్శకత్వంలో అది చిత్రమైనప్పుడు భర్త, తల్లిదండ్రులు, స్నేహితురాలు కూడా తెర మీదికి వచ్చారు. నాటకంలో రీటా వేషం కట్టిన జూలీ వాల్టర్స్ చిత్రంలోనూ నటించింది. ఫ్రాంక్ పాత్రను మైకేల్ కెయిన్ ధరించాడు. బ్రిటిష్ అకాడమీ వారి ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు, ఉత్తమ నటి బహుమతులు మూడూ దీనికే దక్కాయి.

ఇక ఆ జవాబు సంగతి. ఇబ్సెన్ రచించిన 'పేర్ గింట్' నాటకాన్ని రంగస్థలం మీద ప్రదర్శించడంలో వచ్చే చిక్కులను ఎలా పరిష్కరించాలో రాయమని ఫ్రాంక్ అడుగుతాడు. రేడియోలో వేస్తే సరిపోతుందని రీటా ఒక్క వాక్యం రాసి ఇస్తుంది. ఫ్రాంక్ తెల్లబోతాడు. ప్రేక్షకులు నవ్వుతారు.

మరి ఆ జవాబు తప్పా? 'పేర్ గింట్' పద్య నాటకం. 1867లో అచ్చయింది. ఇబ్సెన్ దాన్ని ప్రదర్శన కోసం గాక చదువుకోవడం కోసమే రాశాడు. కథ నార్వే కొండల నుంచి మొరాకోకు, ఎడారికి, కైరోలోని పిచ్చాసుపత్రికి, తుపానులో చిక్కిన ఓడకు పరుగులు తీస్తుంది. అది రంగస్థలం ఎక్కడానికి 1876 దాకా ఆగవలసి వచ్చింది. ఇన్ని చోట్లను తెరలతో, బల్లలతో చూపడం కంటే మాటలతో, శబ్దాలతో వినిపించడం మేలు కాదా? రీటా చెప్పినదీ అదే. ఆమెకు తెలియనిది జవాబు కాదు, జవాబును వివరించి రాసే పద్ధతి. ఇంకొక మాట కూడా ఉంది. ఆమె చేరిన విశ్వవిద్యాలయం 1971లో బోధన మొదలుపెట్టినప్పుడు పాఠాలను రేడియో, టెలివిజన్ల ద్వారా కూడా ఇంటింటికీ పంపింది. రేడియో మీద ఆమెకు నమ్మకం ఉండడంలో వింత ఏముంది!

చదువు ఆగినవారికి మళ్లీ తలుపు తెరిచే ఈ ఆలోచన తెలుగునాట కూడా వేళ్లూనింది. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం భారతదేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాలలో మొదటిది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. బడి చదువు లేనివారు కూడా ప్రవేశ పరీక్ష రాసి, తెలుగులోనే డిగ్రీ చదువుకొనే వీలు అక్కడ కలిగింది. రీటాల కొరత ఏ దేశంలోనూ లేదు.

ప్రేక్షకులు నవ్వే మరో విషయం రీటా యాస. చదువు పెరిగేకొద్దీ ఆమె నాగరికుల ఉచ్చారణను అనుకరించబోతుంది. అది మరీ కృత్రిమంగా ఉండి ఇంకా నవ్వు పుట్టిస్తుంది. ఫ్రాంక్‌కు మాత్రం బాధ కలుగుతుంది. తొలిరోజుల గలగల మాటల రీటాను తానే పాడుచేశానని అతని దిగులు. ఆ దిగులుతో ఏకీభవించే ప్రేక్షకులు చాలామంది. ఇది సరికాదు. ఆమె మాట తనకు ముచ్చటగా ఉన్నంత మాత్రాన ఆమె అక్కడే ఆగిపోవాలని కోరడం స్వార్థమే. హోసూరు తెలుగునో, బరంపురం తెలుగునో విని నవ్వేవారు ఒక రకం. ఎంత ముద్దుగా ఉందో, అలాగే ఉంచుకోండి అనేవారు మరొక రకం. మాట్లాడేవారికి ఏమి కావాలో ఇద్దరూ అడగరు.

రీటాకు ఏమి కావాలో చెప్పే ఘట్టంలో నవ్వు లేదు. ఒక రాత్రి ఫ్రాంక్ ఇంటికి విందుకు పిలుపు వస్తుంది. కిటికీ దాకా వెళ్లి, లోపలి పెద్దమనుషులను చూసి, వెనుదిరుగుతుంది. తన వాళ్లు పాటలు పాడుతున్న మద్యశాలకు వెళ్తుంది. అక్కడ అందరితో కలిసి పాడుతున్న తల్లి ఉన్నట్టుండి ఏడుస్తుంది. ఇంతకంటే మంచి పాటలు ఉండవా అన్నదే ఆమె దుఃఖం. అప్పటిదాకా పకపకలాడిన ప్రేక్షకులు ఇక్కడ నిశ్శబ్దమైపోతారు. చదువుకొంటున్నదన్న కోపంతో భర్త పుస్తకాలు తగులబెట్టినప్పటి కంటే ఈ దృశ్యమే బలమైనది.

చివర ఇద్దరికీ పెళ్లి జరగాలని కోరుకొనే ప్రేక్షకులు ఉంటారు. సినిమా అలవాటు అది. రచయిత ఆ కోరిక తీర్చలేదు. ఫ్రాంక్ ఆస్ట్రేలియాకు విమానమెక్కుతాడు. రీటా పరీక్షలో నెగ్గుతుంది. ఆ పరీక్షలో 'పేర్ గింట్' ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. పాత ఒక్క వాక్యమే రాద్దామని ఆమెకు చెయ్యి ఊరుతుంది. కొంచెంసేపు ఆలోచించి, ఈసారి పూర్తిగా రాస్తుంది.