1866 అని రాసి ఉంటే 1866లో పుట్టినట్టేనా?

పోయిన నెల ఓ రాత్రి పదకొండింటికి బిల్డ్ ఫెయిలై తల పట్టుకుని కూర్చుంటే వాట్సాప్ టింగుమంది. యాకుత్‌పురా ఫ్రెండ్. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నా పక్క బెంచీ. ఏడు ఫొటోలు, కింద ఒక్క లైను: "భాయ్, నువ్వు గేమ్స్ ఆడుతవ్ కదా, ఇదేం గన్నో చెప్పు. ఎంతొస్తది?"

ఫొటో తెరిచి చూస్తే నిద్ర ఎగిరిపోయింది. ఎనిమిది పలకల గొట్టం, ట్రిగ్గర్ చుట్టూ తిరిగిన ఇనుప లీవర్, పక్క పలకల మీద తీగలు, పువ్వులు నగిషీ చెక్కి ఉన్నాయి. పబ్‌జీలో మిరామార్ మ్యాప్ ఆడినవాళ్లకి 'విన్94' గుర్తుందా? దానికి పెదనాన్నలా ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లనడిగితే 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ కాలం కౌబాయ్ తుపాకీ అంటారు.

విషయమేంటంటే, వాళ్ల దాదా పోయిన ఏడాది చనిపోయారు. ఇల్లు సర్దుతుంటే సందూక్‌లో దుప్పటి చుట్టి ఇది దొరికింది. ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా హయాంలో ఓ నవాబు ఇచ్చిన బహుమతి అని దాదీ నమ్మకం. రుజువు కూడా ఉంది, గొట్టం మీద 1866 అని స్పష్టంగా కనిపిస్తోంది. అఫ్జల్ ఉద్దౌలా పాలించింది 1857 నుంచి 1869 దాకా. లెక్క సరిపోయింది! ఇంటి స్లాబు కురుస్తోంది, రిపేరుకి డబ్బు కావాలి. ఫేస్‌బుక్‌లో ఎవరో రేటు కూడా చెప్పారట.

"ఎవరికీ ఏమీ రిప్లై ఇవ్వకు. ఆ లీవర్ ముట్టుకోకు" అన్నాను ముందు. ఎందుకంటే ఈ రకం రైఫిల్‌లో తూటాలు గొట్టం కింద ఇంకో సన్నటి గొట్టంలో వరసగా ఉంటాయి. బయటి నుంచి చూస్తే ఖాళీనో కాదో తెలీదు. లీవర్ కిందికి లాగి మళ్లీ పైకి నొక్కితే ఓ తూటా లోపలికి ఎక్కి, పేలడానికి రెడీ అయిపోతుంది.

తర్వాత ఫొటోల మీద పడ్డాను. డీబగ్గింగ్ లాంటిదే ఈ పని. ఒక్క ఆధారాన్ని నమ్మకూడదు.

మొదటి ఆధారం గొట్టం మీది రాత. కంపెనీ వించెస్టర్, ఊరు అమెరికాలోని న్యూహేవెన్. కింద రెండు తేదీలు: 1866 మార్చి 29, 1860 అక్టోబర్ 16. అవి రైఫిల్ తయారైన తేదీలు కావు, పేటెంట్ తేదీలు! వెబ్‌సైట్ అడుగున కాపీరైట్ 2011 అని ఉంటే ఆ పేజీ 2011లోనే రాశారనుకుంటామా? ఇదీ అంతే. అదే పేటెంట్ ముద్రని తర్వాత మోడల్స్ మీదా ఏళ్ల తరబడి కొడుతూనే వచ్చారు. పాత వించెస్టర్ చూసిన ప్రతివాడూ మొదట పడేది ఈ గుంతలోనే.

రెండోది మోడల్. సుత్తి వెనక సన్నటి పట్టీ మీద 'మోడల్ 1873' అని ఉంది. అఫ్జల్ ఉద్దౌలా అప్పటికే నాలుగేళ్ల కిందట చనిపోయారు. దాదీ కథ అక్కడే ఆగిపోయింది.

మూడోది తూటా సైజు. 1873లో ఈ మోడల్ 44 క్యాలిబర్‌తో మొదలైంది. మన ఫొటోలో ఉన్నది 32. అది 1882లో వచ్చింది. అంటే ఈ రైఫిల్ అంతకంటే ముందుది అయ్యే ఛాన్సే లేదు.

నాలుగోది సీరియల్ నంబర్. అడుగున, లీవర్ వెనక ఉంటుంది. ఈ మోడల్ మొత్తం 7 లక్షల 20 వేల దాకా తయారయ్యాయి. ఏ నంబర్ ఏ ఏడాదిదో పట్టికలున్నాయి. మనది 1890ల మధ్యలో పడింది. పట్టికలు ఒకదానితో ఒకటి అన్నిసార్లూ కలవవు కాబట్టి ఏడాది అటూ ఇటూ అనుకోవాలి. పక్కా జవాబు కావాలంటే అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ ఊళ్లో ఓ తుపాకుల మ్యూజియం ఉంది. వించెస్టర్ ఫ్యాక్టరీ పాత చిట్టాలు అక్కడే ఉన్నాయి. నంబర్ పంపి ఫీజు కడితే, చిట్టాలో ఉన్నంతవరకు, గిడ్డంగి నుంచి ఎప్పుడు బయటికెళ్లింది, ఏ రకం గొట్టం, నగిషీ ఆర్డర్ ఉందా అనేది లెటర్ రాసిస్తారు.

ఇక నగిషీ. అసలు డబ్బంతా ఇక్కడే. ఫ్యాక్టరీలో ఉల్రిచ్ అన్నదమ్ములు చెక్కినవైతే కలెక్టర్లు ఎగబడతారు. తర్వాత ఎవరో చెక్కించినవైతే లెక్క వేరు. తేడా ఎలా పట్టాలి? అంచులు అరిగి, నగిషీ మాత్రం కొత్తగా పదునుగా ఉంటే అనుమానించాలి. మన ఫొటోని జూమ్ చేస్తే ఓ తీగ కొస వెళ్లి 'మోడల్' అనే మాటలో ఓ అక్షరాన్ని కోసేసింది. ఫ్యాక్టరీవాడు తన ముద్రని తనే కోసుకోడు కదా. రైఫిల్ బయటికొచ్చాక ఎవరో చెక్కించారన్నమాట. ఎవరు, ఏ ఊళ్లో అనేది ఫొటో చెప్పదు.

మర్నాడు ఎంఎంటీఎస్‌లో యాకుత్‌పురా స్టేషన్లో దిగి వాళ్లింటికి వెళ్లాను. దాదీ చాయ్ ఇచ్చి, "క్యా బేటా, అఫ్జల్ ఉద్దౌలా కాలంది కాదా?" అన్నారు. "కాదు దాదీ, ఆయన కొడుకు మహబూబ్ అలీ పాషా కాలంది" అన్నాను. పులుల వేటకి పేరుమోసిన ఆరో నిజాం అనగానే ఆవిడ మొహం వెలిగింది. అయితే ఆయనే ఇచ్చి ఉంటాడన్నారు! దానికి ఆధారం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కానీ ఫ్రెండ్‌కి చెప్పాల్సింది ఒకటుంది. దాదా లైసెన్స్ పుస్తకం దొరికింది. అందులోని నంబర్, రైఫిల్ మీది నంబర్ ఒకటే. అయితే లైసెన్స్ దాదా పేరు మీద. ఆయన పోయారు. అంటే ఇప్పుడు ఇంట్లో లైసెన్స్ లేని ఆయుధం ఉన్నట్టే. "పాతది కదా భాయ్, యాంటిక్" అన్నాడు వాడు. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం 1898, అంతకుముందు తయారైనవి యాంటిక్. ఇక్కడ వయసు ఒక్కటే చాలదు. 1959 ఆయుధాల చట్టంలో మినహాయింపు, రిపేర్ చేసినా పేలని వాటికే. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు. నగిషీ ఉన్న వందేళ్ల వస్తువుని విదేశీ కొనుగోలుదారుకి పంపడం 1972 పురావస్తువుల చట్టం కింద కుదరదు. ఫేస్‌బుక్ బేరం అక్కడే ముగిసింది.

దారి లేకపోలేదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. తర్వాత వారసుల పేరు మీద లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు. లైసెన్స్ ఉన్నవాళ్లకి చట్టబద్ధంగా అమ్మొచ్చు కూడా. రైఫిల్ ఎత్తుకుని ఆటో ఎక్కే ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎలా తేవాలో అడగాలి.

వాళ్ల చాచా అలాగే చేశారు. రసీదు ఇప్పుడు సందూక్‌లో రైఫిల్ ఉన్న చోటే ఉంది. స్లాబు ఇంకా కురుస్తోంది. ఫ్రెండ్ పర్సనల్ లోన్ పెట్టాడు. రైఫిల్ ఉంచుకోవాలా అమ్మాలా అని ఇంట్లో గొడవ నడుస్తోంది. దాదీది మాత్రం ఒకటే మాట, "మహబూబ్ పాషా బందూక్ అమ్మేది లేదు."

మీ ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో తాతల కాలంనాటి ఇలాంటివి ఉంటే, ధర తర్వాత వెతుక్కుందురు గానీ, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో ముందు చూడండి.