పేరొకటే, మాల్ రెండు

తరాజులో కిలో రాయి పెట్టి ముప్పావు కిలో గోష్ట్ తూచే కసాయిని మన బస్తీ ఒక్కరోజు కూడా సహించదు. మొహల్లా అంతా దుకాణం ముందు చేరి జవాబ్ అడుగుతుంది. అదే మోసం మెరిసే డబ్బాలో, ఇంగ్లీషు అక్షరాలతో వస్తే మాత్రం రసీదు తీసుకుని, షుక్రియా చెప్పి ఇంటికొస్తాం.

నేను మాట్లాడేది ఎన్విడియా కంపెనీ జీటీ 1030 అనే గ్రాఫిక్స్ కార్డు గురించి. సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు కంప్యూటర్ కొని, పిల్లవాడి జిద్దు తీర్చడానికి అందులో ఓ చిన్న కార్డు వేయించే ఇళ్లకు ఇది పరిచయమైన పేరే. దీనికి వేరే పవర్ వైరు అక్కర్లేదు. చిన్న డబ్బాలో కూడా పడుతుంది. గరీబ్ ఇంటి కార్డు అనుకోండి.

ఈ ఒక్క పేరుతో రెండు కార్డులున్నాయి. మొదటిది 2017లో వచ్చింది, దాని మెమరీ జీడీడీఆర్5. రెండోది 2018లో వచ్చింది, దాని మెమరీ డీడీఆర్4. రెండింటిలోనూ లెక్కలు చేసే కోర్లు 384. రెండూ 2 జీబీ మెమరీతో వచ్చాయి. చిప్‌కూ మెమరీకీ మధ్య దారి రెండింటికీ 64 బిట్లే. పైపైన చూస్తే కవల పిల్లలు.

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. ఐదో తరగతి గుణకారం చాలు. ఆ 64 బిట్ల దారిని 64 తీగలనుకోండి. జీడీడీఆర్5 కార్డులో ఒక్కో తీగ మీద సెకనుకు 6 గిగాబిట్లు నడుస్తాయి. 64తో గుణించి, 8తో భాగిస్తే సెకనుకు 48 గిగాబైట్లు. డీడీఆర్4 కార్డులో ఒక్కో తీగ మీద నడిచేది 2.1 గిగాబిట్లే. అదే లెక్క వేస్తే 16.8 గిగాబైట్లు. అంటే మొదటి దాంట్లో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. దీనికి తోడు చిప్ వేగాన్నీ తగ్గించారు. బూస్ట్ 1468 మెగాహెర్ట్జ్ నుంచి 1379కి దిగింది.

ఇది ఎలాంటి ఫరకో దావత్ చేసిన ఏ ఇంటికైనా అర్థమవుతుంది. షాదీఖానాలో 384 మంది బావర్చీలున్నారు. గోదాం నుంచి బియ్యం, గోష్ట్, మసాలా మోసుకొచ్చే దారి మాత్రం మూడోవంతుకు కుదించారు. బావర్చీలు చేతులు కట్టుకుని నిలబడతారు, మెహమాన్లు ఖాళీ దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటారు. గేములో జరిగేదీ అదే. రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించినవాళ్లకు చాలా గేముల్లో డీడీఆర్4 కార్డు ఇచ్చే ఫ్రేములు దాదాపు సగానికి పడిపోయి కనిపించాయి. సగం పని చేసే మాల్‌కు పూర్తి మాల్ పేరు పెట్టడాన్ని మా బడిలో ధోఖా అనే నేర్పారు.

"డబ్బా మీద డీడీఆర్4 అని రాసే ఉంటుంది కదా" అంటారు కొందరు. ఉంటుంది. కానీ ఆ మాటకు అర్థం తెలిసినవాడు ఆ కార్డు కొంటాడా? నలభై వేలు పెట్టి కొనేవాడు నాలుగు రోజులు వీడియోలు చూసి, నలుగురిని అడిగి కొంటాడు. నాలుగైదు వేలు పోగేసుకున్న అబ్బాజాన్‌కు తెలిసింది పేరొక్కటే. బేటా కాగితం మీద రాసిచ్చిన ఆ పేరే దుకాణంలో చూపిస్తాడు. ఆ భరోసా మీదే ఈ తిజారత్ నడుస్తోంది.

"టైపింగుకూ, వీడియోలు చూడటానికీ రెండూ ఒకటే" అనేది ఇంకో దలీల్. ఆ మాట సచ్చే. డీడీఆర్4 కార్డు తినే కరెంటు కూడా తక్కువ, 30 వాట్ల బదులు 20. అలాంటప్పుడు దానికి వేరే నంబరు పెట్టి, తక్కువ ధరకు, ఆఫీసు పనికని చెప్పి అమ్మొచ్చుగా? ఎవరు కాదన్నారు? తర్వాత కొన్ని డీడీఆర్4 కార్డులు 4 జీబీతో కూడా వచ్చాయి. గోదాం పెద్దదైంది, దారి మాత్రం ఇరుకుగానే ఉండిపోయింది. తెలియనివాడు 4 పెద్దదనుకుని అదే ఎంచుకుంటాడు.

పేరు మార్చడం కంపెనీకి ముష్కిల్ పనేమీ కాదు. 2022 సెప్టెంబరులో ఇదే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది. 16 జీబీ దాంట్లో 9728 కోర్లు, 12 జీబీ దాంట్లో 7680. చిన్నదాని ధరే 899 డాలర్లు. అది కొనగలిగినవాళ్లు, వాళ్ల కోసం రాసేవాళ్లు లోకమంతా షోర్ చేశారు. నెల తిరక్కుండానే, అక్టోబరులో, ఒకే పేరుతో రెండు కార్డులుంటే గందరగోళమని కంపెనీయే ఒప్పుకుని చిన్నదాన్ని వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ అనే పేరుతో, 799 డాలర్లకు వచ్చింది. పేరూ మారింది, ధరా తగ్గింది.

899 డాలర్ల కొనుగోలుదారుకు నాలుగు వారాల్లో ఇన్సాఫ్ దొరికింది. జీటీ 1030 కొన్నవాడికి 2018 నుంచి ఇప్పటిదాకా దొరకలేదు. అక్కడ గందరగోళమైనది ఇక్కడ ఎందుకు కాలేదు? గరీబ్ షోర్ చేయడనే ధీమా కాకపోతే మరేమిటి?

కాబట్టి షోర్ చేద్దాం, ఇల్మ్‌తో చేద్దాం. దుకాణానికి వెళితే పేరొక్కటే చెప్పకండి, "జీడీడీఆర్5 ఉన్నదే ఇవ్వండి" అనండి. డబ్బా మీద మోడల్ నంబరు చూడండి. చాలా కంపెనీల నంబర్లలో డీ4 లేదా డీ5 అనే అక్షరాలు దాగి ఉంటాయి. మెమరీ రకాన్ని రసీదులో రాయించుకోండి. ఇంటికొచ్చాక జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే మెమరీ రకం, బ్యాండ్‌విడ్త్ రెండూ కనబడతాయి. 48 దగ్గర అంకె ఉంటే ఖైర్. 16.8 ఉంటే, రసీదు పట్టుకుని ఆ పూటే వెనక్కి వెళ్లండి.

దుకాణదారు కాదంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కొనే సరుకు నాణ్యత ఏమిటో, ప్రమాణం ఏమిటో తెలుసుకునే హక్ 2019 వినియోగదారుల చట్టం మనకిచ్చింది. మెహనత్‌తో కూడబెట్టిన పైసా మనది. దానికి ఏం వస్తోందో అడగడానికి ఇంజినీరు కానక్కర్లేదు.