ఆత్మకూర్ ఆముదం రంగు నూనెగా మారాలి

ఆత్మకూర్, అమరచింత, మదనాపూర్ మండలాల రైతులకు, ప్రజాప్రతినిధులకు, వనపర్తి జిల్లా అధికారులకు విజ్ఞప్తి.

పెయింట్ డబ్బా మూత తీస్తే రంగు కనిపిస్తుంది గానీ, ఆ రంగును గోడకో తలుపుకో ఇనుముకో పట్టి ఉంచే పదార్థం కనిపించదు. పరిశ్రమలో దాన్ని బైండర్ అంటారు. పూత ఎన్నేళ్లు నిలుస్తుంది, ఎండకు పగులుతుందా, వానకు ఉబ్బుతుందా అన్నది తేల్చేది ఎక్కువగా అదే. ఒకప్పుడు ఈ పని అవిసె నూనె చేసేది. 1920లలో నూనెను గ్లిజరిన్‌తో, థాలిక్ అన్‌హైడ్రైడ్‌తో కలిపి వండే ఆల్కిడ్ రెసిన్లు వచ్చాయి. తర్వాత ముడిచమురు నుంచి తీసే యాక్రిలిక్, వినైల్ రెసిన్లు గోడల రంగులన్నింటినీ ఆక్రమించాయి. పెయింట్ కంపెనీ ఖర్చులో సగానికి పైగా ముడిపదార్థాలదే, వాటిలో అధికభాగం ముడిచమురు మీద ఆధారపడినవే. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి మించి బయటి నుంచి వస్తోంది. అందుకే పెద్ద కంపెనీలు ముడిపదార్థాలను తమ చేతిలో ఉంచుకునే ప్రయత్నంలో పడ్డాయి. ఏషియన్ పెయింట్స్ గుజరాత్‌లోని దహేజ్‌లో వినైల్ అసిటేట్, దానికి ఇథిలీన్ చేర్చిన ఎమల్షన్ తయారీకి వేల కోట్ల రూపాయల కర్మాగారం తలపెట్టింది అందుకే. రెండో దారి మొక్కల నూనెల వైపు మళ్లడం. ఆ దారిలో శాస్త్రజ్ఞులూ కంపెనీలూ ముందుగా చూస్తున్న నూనెల్లో ఒకటి, మన చల్క నేలల్లో తాతల నాటి నుంచి పండుతున్న ఆముదం. ఆముదాలను గింజలుగానే బస్తాల్లో నింపి పంపేయకుండా, ఆత్మకూర్‌లోనే నూనె తీసి, పెయింట్ పరిశ్రమ కొనే రూపంలోకి మార్చి, రైతుల సొంత కంపెనీ ద్వారా అమ్మాలన్నదే ఈ కరపత్రం చేస్తున్న ప్రతిపాదన.

ఆముదమే ఎందుకన్నది ముందు తేల్చుకోవాలి. ఈ నూనెలో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. మనం వాడే మరే నూనెలోనూ ఇది ఇంత మోతాదులో లేదు. పద్దెనిమిది కర్బన పరమాణువుల ఆ గొలుసులో పన్నెండో కర్బనం దగ్గర ఒక హైడ్రాక్సిల్ గుంపు అంటుకుని ఉంటుంది. ఆముదం అంత చిక్కగా ఉండటానికీ, రసాయన పరిశ్రమలో ఇన్ని రూపాలు ఎత్తడానికీ అదే కారణం. ఉన్నది ఉన్నట్టుగా ఆముదం గాలికి ఆరదు, తలుపుకు రాస్తే జిడ్డుగానే మిగులుతుంది. గాలి తీసేసిన పాత్రలో, ఆమ్ల ఉత్ప్రేరకంతో, 250 డిగ్రీల అటూఇటూ వేడిలో వండితే ఆ హైడ్రాక్సిల్ నీరై బయటికి పోయి గొలుసులో రెండో జంట బంధం ఏర్పడుతుంది. అప్పుడది ఆరే నూనె అవుతుంది. అవిసె నూనె కన్నా త్వరగా ఆరుతుంది, దాని కన్నా తక్కువ పసుపుబారుతుంది, అందుకే లేత రంగు ఎనామెళ్లకూ వార్నిష్‌లకూ దీన్ని కోరుకుంటారు. అదే ఆముదానికి హైడ్రోజన్ ఎక్కిస్తే 85 డిగ్రీల దగ్గర కరిగే గట్టి మైనం వస్తుంది. దాన్ని కొద్దిగా కలిపితే నిలువు గోడకు వేసిన రంగు జారకుండా నిలబడుతుంది. హైడ్రాక్సిల్‌ను తీసేయకుండా అలాగే ఉంచి ఐసోసయనేట్‌తో కలిపితే గట్టి పాలీయూరిథేన్ పూత తయారవుతుంది. ఈ పాలీయూరిథేన్‌ను టర్పెంటైన్ లాంటి ద్రావణి లేకుండా నీటిలోనే కలిసేట్టు చేయడం ఇటీవలి పరిశోధనలో ముఖ్యమైన మెట్టు. విషపూరితమైన ఐసోసయనేట్‌ను కూడా వదిలేసి, మొక్కల నూనెకు కార్బన్ డయాక్సైడ్‌ను చేర్చి అమైన్‌తో గట్టిపరిచే పద్ధతి మీద కూడా ప్రయోగశాలల్లో గట్టిగా పని జరుగుతోంది.

ఇదంతా కాగితం మీది శాస్త్రమే అనుకోకూడదు. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కెమా కంపెనీ ఆముదం నుంచి నైలాన్-11 తయారు చేసి, దాన్ని మెత్తటి పొడిగా మార్చి ఇనుప పైపులకు తుప్పు పట్టని పూతగా అమ్ముతోంది. ఆముదమే ముడిసరుకుగా 2022లో సింగపూర్‌లో కొత్త కర్మాగారాన్ని కూడా తెరిచింది. అదే ఆర్కెమా, జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్, ముంబయికి చెందిన జయంత్ ఆగ్రో ఆర్గానిక్స్ 2016లో సాలిడారిడాడ్ సంస్థతో కలిసి గుజరాత్‌లో ‘ప్రగతి’ పేరుతో ఆముదం రైతులకు శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టాయి. విత్తనం, ఎరువు, నీరు, కూలీల భద్రత దాకా రైతుకు నేర్పి ఆ పంటకు ధ్రువీకరణ ఇస్తున్నాయి. ప్రపంచంలో పండే ఆముదంలో అత్యధిక భాగం మన దేశానిదే, దేశంలో పండేదాంట్లో నూటికి ఎనభై పాళ్లకు పైగా గుజరాత్‌ది. కంపెనీలు అక్కడికి వెళ్లడంలో వింత లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదానికి పెట్టింది పేరైన పాలమూరు, నల్లగొండ జిల్లాల వైపు మాత్రం అలాంటి కార్యక్రమం ఏదీ రాలేదు. రమ్మని మనం గట్టిగా అడిగిందీ లేదు.

ఈలోగా పంటే కుంచించుకుపోయింది. ఆముదం ఉన్న చోటికి పత్తి, మొక్కజొన్న వచ్చాయి, నీళ్లు అందిన చోటికి వరి వచ్చింది. రైతును తప్పుపట్టే వీల్లేదు. పత్తికి మద్దతు ధర ఉంది, కొనడానికి భారత పత్తి సంస్థ (సీసీఐ) ఉంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వులు, కుసుమ, చివరికి వెర్రినువ్వులు కూడా ఉన్నాయి గానీ ఆముదం లేదు.  ఆముదం ధర తేల్చేది గుజరాత్ మార్కెట్లూ, సరుకుల ఎక్స్ఛేంజి అయిన ఎన్‌సీడీఈఎక్స్‌లోని ముందస్తు బేరాలూ. 2016 జనవరిలో ధరలు కుప్పకూలి ఆ ఎక్స్ఛేంజి ఆముదం వ్యాపారాన్నే నిలిపేసినప్పుడు, ఆ బేరాలతో ఏ సంబంధమూ లేని మన రైతు కూడా ఆ ధరకే అమ్ముకోవాల్సి వచ్చింది. పైగా గుజరాత్‌లో ఆముదం నీటితడుల కింద పండుతుంది, హెక్టారుకు రెండు టన్నుల దాకా వస్తుంది. మన వర్షాధారపు చల్కలో అందులో సగం రావడమే కష్టం. గింజకు గింజ పోటీ పెడితే మనం ఎప్పటికీ ఓడేవాళ్లమే. కాబట్టి గింజకు మరో విలువ చేర్చడం తప్ప మనకు దారి లేదు.

లెక్క వేసి చూద్దాం. మూడు మండలాల్లో కలిపి వెయ్యి ఎకరాలు, ఎకరాకు మూడు క్వింటాళ్లే అనుకున్నా, 300 టన్నుల గింజ వస్తుంది. ఆముదం గింజలో 45 నుంచి 50 శాతం నూనె ఉంటుంది. ఎక్స్‌పెల్లర్‌లో ఒత్తితే క్వింటాలుకు 40 కిలోలు చేతికొచ్చినా 120 టన్నుల నూనె. నీరు తీసే ప్రక్రియలో ఐదారు శాతం బరువు పోయినా 110 టన్నులకు పైగా ఆరే నూనె మిగులుతుంది. రోజుకు మూడు టన్నులు ఆడే చిన్న మిల్లుకు ఇది వంద రోజుల పని. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. మిగిలిన రోజుల్లో ఖాళీగా ఉంటుందని అదే యంత్రంలో వేరుశనగ ఆడించకూడదు. ఆముదపు పిండి విషం, దాని ఆనవాళ్లు తినే నూనెలోకి రాకూడదు. ఆముదపు మిల్లు ఆముదానికే ఉండాలి, దాన్ని ఎక్కువ రోజులు నడపాలంటే ఎకరాలు పెరగాలి. మొదటి ఏడాది వడపోసిన నూనె అమ్మడంతో ఆగి, కొనుగోలుదారు కుదిరాక రెండో దశలో నీరు తీసే రియాక్టర్ పెట్టుకోవడం మంచిది. అధిక వేడి, వాక్యూమ్, ఆమ్లం కలిసిన పని కాబట్టి అది ఊరి మధ్యలో ఉండకూడదు, శిక్షణ పొందిన ఇంజినీరు చేతుల్లో పారిశ్రామిక స్థలంలోనే ఉండాలి.

అహ్మదాబాద్ చుట్టుపక్కల పెద్ద మిల్లులతో మన చిన్న మిల్లు నిలబడగలదా అని అడుగుతారు. ఎగుమతి మార్కెట్‌లో నిలబడలేదు, అక్కడికి వెళ్లాలని కూడా మేం అనడం లేదు. ఏషియన్ పెయింట్స్ పటాన్‌చెరులో రంగులు చేస్తోంది. హైదరాబాద్ చుట్టూ రెసిన్లు, ఇనుముకు వేసే ప్రైమర్లు, కలప పాలిష్‌లు చేసే చిన్న పరిశ్రమలు ఉన్నాయి. గుజరాత్ నుంచి లారీలో వచ్చే నూనెకయ్యే రవాణా ఖర్చు మనకు ఉండదు, ఆ తేడాలోనే మన చోటు. పరిజ్ఞానం కూడా చేరువలోనే ఉంది. 1944లో నిజాం కాలంలో మొదలై ఇప్పుడు తార్నాకలో ఐఐసీటీగా ఉన్న సంస్థకు నూనెల రసాయనం మీదా పూతల మీదా దశాబ్దాల పరిశోధన ఉంది. రాజేంద్రనగర్‌లో భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. మన పక్కనే పాలెంలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం క్రాంతి, హరిత, కిరణ్ రకాలనూ పీసీహెచ్-111, పీసీహెచ్-222 హైబ్రిడ్‌లనూ ఇచ్చింది. ఈ మూడు సంస్థలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ఇంతవరకు ఎవరూ చేయలేదు. జిల్లా యంత్రాంగం చేయగలిగిన పని ఇది.

ఇప్పుడు గోడలకు వేసేది నీటి ఎమల్షనే కదా, నూనె రంగుల కాలం పోయింది కదా అనేది ఇంకా బలమైన అభ్యంతరం. గోడల విషయంలో ఇది నిజం, దాన్ని దాచి ఈ ప్రతిపాదన చేయడం సరికాదు. మన నూనె గోడల కోసం కాదు. కిటికీల గ్రిల్, ట్రాక్టర్ ట్రాలీ, నీళ్ల ట్యాంకు, పైపులైను, తలుపు, జూరాల లాంటి ప్రాజెక్టుల ఇనుప గేట్లు, ఇవన్నీ ఇప్పటికీ ఆల్కిడ్, ఎపాక్సీ, పాలీయూరిథేన్ పూతల మీదే ఆధారపడ్డాయి. పేడతో చేసిన ఖాదీ ప్రాకృతిక్ పెయింట్‌ను 2021 జనవరి 12న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ విడుదల చేసినప్పుడు ఊళ్లలో చిన్న యూనిట్లు పెట్టవచ్చన్న ఆశ కలిగింది. ఆ ఆశ మంచిదే. అయితే పేడ ప్రధానంగా పూతకు నింపుడు పదార్థం, దానికీ ఒక బైండర్ కావాలి. పూతను పట్టి నిలిపే బలం ఉన్నది బైండర్‌లోనే, ఆముదం ఇచ్చేది అదే.

ఆముదపు పిండిలో రిసిన్ అనే విషం ఉందన్న భయం కూడా న్యాయమైనదే. రిసిన్ ప్రొటీన్, నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి అది నూనెలోకి రాకుండా పిండిలోనే మిగిలిపోతుంది. పశువులకు ఆ పిండి పెట్టకూడదు, దుమ్ము పీల్చే కూలీలకు మాస్కులు, చేతి తొడుగులు ఉండాలి, మిల్లు చుట్టూ కంచె ఉండాలి. ఇవి మిల్లు నడిపే ఒప్పందంలోనే రాసుకోవాల్సిన షరతులు. ఈ జాగ్రత్తలతో ఆ పిండి నత్రజని ఉన్న మంచి ఎరువు, మన చేలకే తిరిగి వస్తుంది.

జూరాల, భీమా నీళ్లు వచ్చాక ఆముదం ఎందుకన్న వాదన కాలువ కింద పొలాలకు చెల్లుతుంది. కాలువ ఎక్కని మెట్టల మీద, బోర్లు ఎండిన చోట, పత్తి మందులకు పెట్టుబడి పెట్టలేని చిన్న రైతుకు అది వర్తించదు. కందితో కలిపి ఆముదం వేసే పాత పద్ధతి ఆ నేలలకే పుట్టింది. దాసరి పురుగు, పూత దశలో వానలు పడితే వచ్చే బూజు తెగులు ఉన్న మాట నిజమే. వాటికి సలహా ఇవ్వాల్సిన శాస్త్రజ్ఞులు పాలెంలోనే ఉన్నారు.

ఇక మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే కావాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని కేంద్రం 2016 నవంబరు 1న నిబంధన ప్రకటించి, ఏడాది గడువు ఇచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చింది. ఆ ఒక్క నిబంధన దేశంలోని రంగుల కంపెనీలను ముడిపదార్థాలు మార్చుకునేలా చేసింది. ప్రభుత్వం కోరుకుంటే పరిశ్రమ ఎంత త్వరగా మారుతుందో ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమం 2022 మార్చి 8న వనపర్తిలోనే మొదలైంది, అందులోని పన్నెండు పనుల్లో బడులకు రంగులు వేయడం ఒకటిగా ఉండేది. బడుల తలుపులు, గ్రిల్స్, నీటిపారుదల శాఖ గేట్లు, మున్సిపాలిటీ ఇనుప సామగ్రికి పిలిచే టెండర్లలో, నాణ్యత పరీక్షలు నెగ్గిన ఆముదం ఆధారిత పూతలకు కొంత వాటా తప్పనిసరి చేయాలి. పరీక్షలో ఓడిన డబ్బా కొనాలని మేం అడగడం లేదు.

రైతులారా, వచ్చే వానాకాలం విత్తనం కొనేలోగా మీ ఊళ్లో సమావేశం పెట్టండి. ఆముదం వేయగల ఎకరాల జాబితా రాసి మండల వ్యవసాయ అధికారికి ఇవ్వండి. ఉత్పత్తిదారుల కంపెనీ రిజిస్ట్రేషన్‌కు సంతకాలు చేయండి. జిల్లా కలెక్టర్‌ ఐఐసీటీ, నూనెగింజల సంస్థ, పాలెం శాస్త్రజ్ఞులను ఆత్మకూర్‌కు పిలిచి ఒక సమావేశం జరపాలి. శాసనసభ్యులు మిల్లుకు స్థలం, ఆముదానికి కనీస ధర కోసం సభలో అడగాలి. గింజ నూనెగా మారే మిల్లు రైతు చేతిలో ఉండి తీరాలి.