లోటు సంఖ్యే, హర్షద సంఖ్య కూడా

నేను చదివింది బి.ఏ. తెలుగు. అయినా కొన్నాళ్లుగా ఒక సంఖ్య నన్ను వదలడం లేదు. అది 1,42,857. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు మీరూ ఓ కాగితం తీసుకుని చూడండి.

రెండుతో గుణిస్తే 2,85,714. మూడుతో 4,28,571. ఇలా ఆరు దాకా గుణించండి, అవే ఆరంకెలు, అదే వరసలో తిరుగుతాయి. కోలాటంలో లాగన్నమాట: వరస మారదు, ముందు ఎవరొస్తారన్నదే మారుతుంది. ఏడుతో గుణిస్తే మాత్రం అన్నీ తొమ్మిదులే, 9,99,999! అసలు 1ని 7తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత అంతులేకుండా వచ్చేవి ఈ అంకెలే.

ఇక దీన్ని ఏ కోవలో వేస్తారో చూడండి. ఇది బేసి సంఖ్య. 3, 11, 13, 37 దీన్ని భాగిస్తాయి కాబట్టి సంయుక్త సంఖ్య. తనను తప్ప తన భాజకాలన్నీ కూడితే 1,12,503 వస్తుంది. తనకంటే తక్కువే కదా, అందుకని లెక్కల వాళ్లు దీన్ని 'డెఫిషియెంట్' అంటారు. అంటే లోటున్న సంఖ్య.

పాపం, అనిపించిందా? ఆగండి. దీని అంకెలన్నీ కూడితే 27. ఆ 27తో ఇది శేషం లేకుండా భాగమవుతుంది. అలాంటి వాటికి మహారాష్ట్రలో దేవ్‌లాలీ బడిపంతులు డి.ఆర్. కాప్రేకర్ పెట్టిన పేరు 'హర్షద'. హర్షాన్ని ఇచ్చేది అని. ఎంత చక్కటి పేరో! ఆయన పేరుతోనే ఉన్న కాప్రేకర్ సంఖ్యల్లోనూ ఇది ఒకటి. దీని వర్గం 20,40,81,22,449. దాన్ని 20,408గా, 1,22,449గా విడదీసి కూడితే మళ్లీ 1,42,857 వస్తుంది.

ఒక కొలతకు లోటు, ఇంకో కొలతకు హర్షం. సంఖ్య మాత్రం ఒక్కటే.

మా అమ్మాయిది తొమ్మిదో తరగతి. ఒక్క లెక్కల పరీక్ష మార్కులు చూసి బళ్లో దాన్ని 'డల్' సెక్షన్‌లో వేశారు. అదే పిల్ల నెల సరుకుల చీటీ నోటితో కూడి, కొట్టువాడి లెక్కలో తేడా పట్టేస్తుంది. ఆ మాట ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ ఉండదు. ఇప్పుడు అది "నాకు లెక్కలు రావమ్మా" అని తనే అనడం మొదలుపెట్టింది. నా బాధంతా అక్కడే. లోటు అన్న మాట సంఖ్యకు వినపడదు. పిల్లకు వినపడుతుంది, లోపల నాటుకుంటుంది.

వర్గీకరణ తప్పని నేను అనను. లెక్కల్లో ఏ పేరు పెట్టినా ఏ కొలతతో పెట్టారో చెబుతారు, ఒక్క పేరుతో ఆగిపోరు. పిల్లలకు ఆపాటి న్యాయమైనా దక్కాలి కదా! ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కులు విని తలూపి వచ్చేయకండి. "మా పిల్లను ఇంకా ఏ ఏ కొలతలతో చూశారు?" అని అడగండి. నేనైతే అడగబోతున్నాను.