గట్టు అంటే నవ్వెందుకు?

పదో తరగతిదాకా తెలుగులోనే చదువుకుని, డిగ్రీలో చేరాక కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి నేను. మొదటి సంవత్సరంలో ఒకనాడు లాబ్‌లో ప్రోగ్రాం రాసుకుంటున్నాను. తెరకు ఎడమవైపున ఫైళ్ళ జాబితా, కుడివైపున రాసుకునే చోటు. చెయ్యి ఎక్కడ తగిలిందో ఏమో, జాబితా కాస్తా మాయమైంది! వారం రోజుల కష్టం గంగలో కలిసిందని గుండె గుభేలుమంది.

వెనకనుంచి సీనియర్ అన్న ఒకాయన, "ఏం పోలేదురా, స్ప్లిటర్ పట్టుకుని లాగు" అన్నాడు. స్ప్లిటర్ అంటే ఏది? ఎక్కడ పట్టుకోవాలి? అడగటానికి సిగ్గేసింది. చివరికి ఆయనే వచ్చి, తెర అంచున వెంట్రుకవాసి గీతను పట్టి కుడికి లాగాడు. జాబితా తిరిగి ప్రత్యక్షం! "ఓహో, ఇది గట్టన్నమాట!" అన్నాను. లాబంతా ఘొల్లుమంది.

మిత్రులారా, ఆ నవ్వుకు ఇన్నాళ్ళకు ఈ సంచికలో జవాబు చెప్పుకుంటున్నాను.

మాది వరి పండించే ఇల్లు. చేనులో మళ్ళుంటాయి. మడికీ మడికీ మధ్య గట్టుంటుంది. గట్టు జానెడు ఇటు జరిగితే ఈ మడి తగ్గుతుంది, ఆ మడి అంతే పెరుగుతుంది. మొత్తం చేను మాత్రం పెరగదు, తరగదు. తెర మీద జరిగేదీ అచ్చంగా ఇదే కదా! అక్కడున్నవి మూడు వస్తువులు: మొత్తం చోటు, అందులోని భాగాలు, ఆ భాగాల మధ్య కదిలే హద్దు. మూడింటికీ మూడు పేర్లుండాలి. చేను, మడి, గట్టు. మా తాతలనాటి మాటలే సరిగ్గా సరిపోతున్నాయి.

మరి ఇంగ్లీషులో సంగతేమిటి? క్యూటీలో 'క్యూస్ప్లిటర్' అంటే మొత్తం చోటు. మధ్యనున్న బద్ద పేరు 'హ్యాండిల్'. డబ్ల్యూపీఎఫ్‌లో 'గ్రిడ్‌స్ప్లిటర్' అంటే ఆ బద్దే. విండోస్ ఫారమ్స్‌లోనూ మొదట 'స్ప్లిటర్' అన్నది బద్దకే. 2005లో డాట్‌నెట్ 2.0తో 'స్ప్లిట్‌కంటైనర్' వచ్చి, రెండు భాగాల్నీ బద్దనీ ఒకచోట చేర్చింది. జావా స్వింగ్‌లో అదే బద్ద 'డివైడర్', టీకేలో 'సాష్'. అంటే ఒకే మాట ఒకచోట చేను, ఇంకోచోట గట్టు! "చేనుకు నీళ్ళు పెట్టరా" అంటే పోయి గట్టు తడిపొచ్చినట్టుంది వ్యవహారం.

ఇంకో విషయం గమనించండి. 'విండో' అంటే కిటికీ. 'పేన్' అంటే కిటికీ అద్దం పలక. 'సాష్' అంటే ఆ అద్దాలు బిగించిన చట్రం. వాళ్ళు తమ ఇంటి కిటికీనుంచి మాటలు తెచ్చుకున్నారు. అది శాస్త్రం అయింది. మనం మన పొలంనుంచి తెచ్చుకుంటే నాటుతనమా?

'విభాజకం' అనవచ్చు గదా అని ఒక మిత్రుడన్నాడు. అనవచ్చు. కాని ఆ మాట విడదీస్తుందని చెబుతుంది తప్ప, పట్టుకుని జరపవచ్చునని చెప్పదు. నాకు ఆనాడు కావలసింది ఆ రెండో ముక్కే.

సెలవుల్లో ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే మా నాయనే అడ్డుపడ్డాడు. "గట్టు జరిపేవాణ్ణి దొంగంటార్రా! జరిగేదాన్ని గట్టెట్టా అంటావు?" న్యాయమైన ప్రశ్నే. "రెండు మళ్ళూ ఒకడివే అయితే, గట్టు ఎటు జరిపితే ఎవరికి నష్టం నాయనా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. హాస్టల్లో మా తెలంగాణ మిత్రుడు దాన్ని 'గెట్టు' అంటాడు. అననివ్వండి, అర్థం కాకపోయే ప్రమాదం లేదు గదా!

పేరు గొడవ మాటల సరదా కాదు. చూపులేని మిత్రులు తెరను చెవితో చదువుతారు. వాళ్ళ స్క్రీన్ రీడర్ ఏ పేరు పలికితే అదే వాళ్ళకు వస్తువు. వెబ్ పేజీల కోసం 2017లో వచ్చిన ఏరియా 1.1 ప్రమాణం ఈ బద్దను 'సెపరేటర్' అంటుంది. మౌసు లేకుండా మీటలతోనే జరిపే వీలు కల్పిస్తుంది. దాని వాడకం చెప్పే మార్గదర్శకాల్లో మరో మంచి మాట ఉంది: ఆ బద్ద ఏ భాగాన్ని పెంచి తగ్గిస్తుందో ఆ భాగం పేరే బద్దకూ పెట్టమని. మా ఊళ్ళోనూ అంతే! ఉత్త 'గట్టు' అంటే ఎవరికీ తెలియదు. 'రావిచెట్టు మడి గట్టు' అంటే చీకట్లో కూడా పోయి నిలబడతారు.

ప్రోగ్రాంలో రాసే ఇంగ్లీషు పేర్లు మార్చమని నేననటం లేదు. రేపు ఉద్యోగానికి అవే కావాలి, నేర్చుకుందాం. కాని తెలుగులో తెర తయారుచేసేటప్పుడూ, పాఠం చెప్పేటప్పుడూ, పట్టుకునే చేతికి అర్థమయ్యే పేరు పెట్టాలంటాను. మా లెక్చరర్లకు మనవి: 'స్ప్లిటర్' అని బోర్డు మీద రాసినప్పుడు పక్కన 'గట్టు' అని కూడా రాయండి. అది చేనో గట్టో తేల్చి చెప్పండి. పేరు తెలియనివాడు ప్రశ్న కూడా అడగలేడు. నోరు మూసుకుని, తనకే తెలివి లేదనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను.

వచ్చే ఏడు ఏ పల్లెనుంచో ఒక తమ్ముడో చెల్లెలో మన లాబ్‌కు వస్తారు. తెరలో సగం మాయమై బిక్కమొహం వేస్తారు. నవ్వకండి. దగ్గరికి వెళ్ళి, "ఏం పోలేదు, అంచున గట్టుంది చూడు, పట్టుకుని జరుపు" అనండి. వాళ్ళే జరుపుకుంటారు.